గడపకు పెద్ద

పోస్టుకార్డు మొన్న శుక్రవారం వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క ముక్క: "టీచరమ్మా, సర్దార్ తాత పోయిండు." నేను మొదట పనిచేసిన బడిలో నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఎవరో రాసి ఉంటారు, పేరు పెట్టడం మరిచిపోయారు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కార్డు పట్టుకుని అట్లాగే పీట మీద కూలబడ్డాను. "ఎవరు పోయిన్రే అవ్వా?" అని నా బిడ్డ అడిగింది. "మా పాత బడి చప్రాసీ" అన్నాను. అన్న మరుక్షణం నా మీద నాకే ఒళ్ళు మండింది. చప్రాసీ అట, చప్రాసీ! ఆ మనిషే లేకపోతే ఆ ఊళ్ళో బడే లేదు.

పప్పు మాడిపోయింది. పోతే పోయింది.

ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గుబావుల ఊరది. మంథనిలో గోదావరి నీళ్ళు తాగి పెరిగిన నేను, ట్రైనింగు పాసైన కొత్తలో ఒక ట్రంకుపెట్టెతో అక్కడ దిగాను. తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు చీర చేతికొచ్చే ఊరు. కార్మికుల ఇళ్ళు వరసగా ఉండేవి, వాటిని లైన్లు అనేవాళ్ళు: మొదటి లైను, రెండో లైను, మూడో లైను. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో మరాఠీ, దాని పక్కన గోరఖ్‌పూర్ నుంచి వచ్చినవాళ్ళ హిందీ. బడి మాత్రం అందరికీ ఒక్కటే. రెండు గదులు, ఒక వరండా, డెబ్బై మంది పిల్లలు. ఒక హెడ్మాస్టరు, నేను, సర్దార్.

సర్దార్ ఆయన పేరు కాదు, బావిలో ఆయన చేసిన పని. షిఫ్టు దిగే ముందు జాలీ తొడిగిన దీపం పట్టుకుని ఒక్కడే లోపలికి పోవాలి. దీపం మంట మీద నీలం రంగు టోపీలా కనబడితే అక్కడ గ్యాసు ఉన్నట్టు. పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని గట్టిదో బోలుదో తేల్చాలి. అంతా బాగుందనుకుంటే గోడ మీద సుద్దతో ఆ రోజు తారీఖు వేయాలి. ఆ తారీఖు చూశాకే మిగతా వాళ్ళు అడుగు పెట్టాలి. అట్లా ఏళ్ళ తరబడి అందరికంటే ముందు దిగి, ఒకనాడు పైకప్పు కూలితే ఎడమ చేతి మూడు వేళ్ళు అక్కడే వదిలేసి పైకొచ్చాడు. ఆ తర్వాత బడికి చప్రాసీగా పంపారు.

బడికి వచ్చాడే గానీ బావిని వదల్లేదు మహానుభావుడు. పొద్దున్నే తాళం తీసి, తలుపులు బార్లా తోసి, గడప బయటే నిలబడేవాడు. ముక్కు పైకెత్తి రెండుసార్లు వాసన చూసేవాడు. అప్పుడు ఒక్కడే లోపలికి పోయి, కిటికీలన్నీ తెరిచి, దూలాలను కర్రతో టకటక కొట్టి చెవి ఒగ్గి విని, బయటికి వచ్చి తలుపు మీద సుద్దముక్కతో తారీఖు వేసేవాడు. ఆయనకు వచ్చిన రాతల్లా ఆ అంకెలే. అప్పటిదాకా పిల్లలైనా, నేనైనా, హెడ్మాస్టరైనా వానలో తడుస్తూ నిలబడాల్సిందే. టీ హోటల్లోనూ ఇదే వరస. ఒకసారి ఎవరి పెళ్ళికో పోయి పందిరి గుంజలను కర్రతో కొట్టి చూసి, మగపెళ్ళివాళ్ళ చేత తిట్లు తిని, భోజనం చేసి మరీ వచ్చాడు.

"తాతా, తారీఖు నేను బోర్డు మీద రాస్తనే ఉన్న గదా! మల్ల నువ్వు తలుపు మీద రాసుడెందుకు? సుద్దముక్కలు దండుగ" అని నేను రోజూ గొణిగేదాన్ని.

"నీది సదువు తారీఖు టీచరమ్మా. నాది పానం తారీఖు" అనేవాడు. అని ఊరుకునేవాడా! "ముందు గాలి, తర్వాత మనిషి. బాయికి తొందర లేదు బిడ్డా, తొందరంత మనదే. ఎంత బొగ్గు తీసినవన్నది గాదు, పైకి మల్లొచ్చినవా లేదా, గది సూడాలె" అని దండకం చదివేవాడు. నాకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. ట్రైనింగులో నేర్చుకున్న పాఠాలు తలనిండా ఉన్నాయి. చప్రాసీ మాటలు ఎక్కడ ఎక్కుతాయి!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వానకాలం ఫ్లూ వచ్చింది. దేశాలు దాటి ఓడల్లో వచ్చిందని పేపర్లు రాశాయి. మా లైన్లలో మాత్రం దాన్ని కొత్త జెరం అన్నారు. పొద్దున దగ్గు, మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోవడం, సాయంత్రానికి ఇంటిల్లిపాదీ మంచాన పడటం. బడి మూసేశారు. హెడ్మాస్టరుకు కూడా తగులుకుంటే ఆయన సొంతూరు వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ బడి బాధ్యత నా నెత్తిన పెట్టారు.

రెండు వారాలకు జ్వరాలు కాస్త తగ్గాయి. పరిస్థితి చూసుకుని బడి తెరుచుకోవచ్చని పైనుంచి కాగితం వచ్చింది. పరిస్థితి చూసుకుని అన్న మాటను నేను కళ్ళతో చదివాను, బుర్రతో చదవలేదు. సోమవారమే తెరుస్తానన్నాను.

"జర ఆగు టీచరమ్మా. లైన్లల్ల ఇంకా దగ్గులు ఇనవడ్తున్నయ్. గాలి సూడకుంట పోరగాండ్లను లోపటికి తోలుతే ఎట్ల?" అన్నాడు సర్దార్.

"తాతా, గిది బొగ్గుబాయి గాదు, బడి. నీ దీపం గీడ పనికిరాదు" అన్నాను నేను.

ఆయన మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ సోమవారం తలుపు మీద తారీఖు వేయలేదు.

నేనేం చేశానో చెబితే ఇప్పుడు కూడా సిగ్గుతో చచ్చిపోతాను. వాన కొడుతోందని కిటికీలు మూయించాను. డెబ్బై మందిని రెండు గదుల్లో కుక్కాను. చాలారోజులకు కలుసుకున్నాం కదా అని అందరిచేతా గొంతెత్తి ఎక్కాలు చదివించాను. నీళ్ళకు ఒకే కుండ, ఒకే గ్లాసు. పలకల సంగతి చెప్పనే అక్కర్లేదు. మన పిల్లలు పలక తుడిచేది దేనితో? ఉమ్మితో! తన పలక తుడుచుకుని, పక్కవాడి పలక కూడా ప్రేమగా తుడిచిపెడతారు. అంతమంది టీచర్లను తయారుచేసిన ట్రైనింగు స్కూలులో ఆ ఒక్క ముక్క నాకెవరూ చెప్పలేదు, చెప్పినా విని ఉండను.

గురువారానికి సగం మంది మంచాన పడ్డారు. మూడో లైను రాజమల్లు కూతురు కమలకు జ్వరం ఛాతీలోకి దిగింది. రెండో క్లాసు పిల్ల, పిట్టంత ప్రాణం. తొమ్మిది రోజులు దవాఖాన మంచం మీది నుంచి లేవలేదు. రోజూ బడి అయ్యాక పోయి కిటికీ బయట నిలబడేదాన్ని. లోపలికి పోయి ఆ తల్లి మొహం చూసే ధైర్యం లేక. పదో రోజు పిల్ల లేచి కూర్చుని బెల్లంముక్క అడిగిందని నర్సు చెబితే, దవాఖాన గోడకు ఆనుకుని పెద్దగా ఏడ్చాను.

మర్నాడు రాజమల్లు బడికి వచ్చాడు. కొట్లాడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. మూలన ఉన్న కమల పలక, సంచి తీసుకున్నాడు. "బిడ్డ దక్కింది టీచరమ్మా. గంతే సాలు. ఇగ బడి మాకొద్దు" అన్నాడు. ఆ వెనకే మూడో లైను మొత్తం పిల్లల్ని మానిపించింది. మిగతా లైన్ల వాళ్ళు తటపటాయించి, వాళ్ళూ మానిపించారు. బడిలో ఒక్క పిల్లా మిగల్లేదు.

ఆ వారమే మరో కాగితం. ఇన్స్పెక్టరు గారు నెలాఖరున తనిఖీకి వస్తున్నారు, పిల్లలు లేని పక్షంలో బడిని రైలుస్టేషను అవతలి ఊరికి మార్చవలసి ఉంటుంది. అవతలి ఊరంటే ఏడు మైళ్ళు. మగపిల్లలు పదిమంది పోతారేమో. ఆడపిల్లలు మాత్రం బొగ్గు ఏరుకుంటూ ఇంటి దగ్గర ఉండిపోతారు. హెడ్మాస్టరు ఇంకా తిరిగి రాలేదు. కాగితం చదివి వరండాలో కూర్చుని ఏడుస్తుంటే సర్దార్ వచ్చాడు.

"నేనన్న మాటకు కోపమున్నదా తాతా?" అన్నాను.

"బాయిల పైకప్పు కూలినంక ఎవని మీద కోపం జేస్తం బిడ్డా? మల్ల తెర్వాలె గదా. ముందు నేను దిగుత, నువ్వు ఎనుకరా" అన్నాడు.

ఆ రోజే కిటికీ రెక్కలన్నీ పీకి గోడకు ఆనించాడు. "వాన పడితే?" అన్నాను. "తడుస్తరు. తడుసుడుకు ఎవలు సావరు" అన్నాడు. బావిలో లాగే బడికీ షిఫ్టులు పెట్టాడు. మొదటి లైను, రెండో లైను పొద్దున. మూడో లైను వాళ్ళు వస్తే మధ్యాహ్నం. ఎవరి నీళ్ళు వాళ్ళే సీసాలోనో చెంబులోనో తెచ్చుకోవాలి. ప్రతి పలకకూ ఒక తడిగుడ్డ దారంతో కట్టాలి. ఉమ్మి వేసి తుడిచినవాడి పలక ఆ రోజుకు జప్తు. ఈ చివరి రూలు ఒక్కటే నాది.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇళ్ళు చూసి రావడం. మొదటిరోజు నేను కూడా వెంట వెళ్ళాను. పొద్దుటి సైరన్ కూసి మగవాళ్ళు పనికి పోయాక, ఇంటింటి ముందూ ఆగి "జెరం ఉన్నదా?" అని అడిగాడు. లేదన్నారు. లేదు, లేదు, లేదు. రెండు లైన్లలో ఒక్కరికీ లేదు. నేను ఎగిరి గంతేశాను.

"అంత అబద్ధం" అన్నాడు సర్దార్. "జెరమున్నదని బయటవడితే ఇంటాయనను గూడ పనికి రావొద్దంటరని వీళ్ళ భయం. దీపం సూపియ్యాలె గనీ, బాయిని నోటితోని అడుగుతే సెప్తదా?"

మర్నాటి నుంచి జ్వరం మాటే ఎత్తలేదు. గడప ముందు చతికిలబడి, చుట్ట వెలిగించుకోకుండా చెవి వెనక పెట్టుకుని, "ఏం కూర వండినవే?" అనేవాడు. అంతే! కూర సంగతి అడిగితే మన ఆడవాళ్ళు దాస్తారా? వంకాయ అనో, చింతచిగురు పప్పు అనో, తోటకూర నిన్నటిది మిగిలిందనో చెప్పేవాళ్ళు. గోరఖ్‌పూర్ ఇళ్ళ ముందు "క్యా పకాయే బేటీ?" అనేవాడు. జావ అన్నా, గంజి అన్నా, బార్లీ అన్నా సర్దార్ లేచి ముందుకు కదిలేవాడు. ఆ ఇంటి తలుపు మీద తారీఖు పడేది కాదు. తారీఖు పడిన ఇంటి పిల్లలే ఆ రోజు బడికి. ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు, వేలెత్తి చూపేవాడు కాదు.

ఒక ఇల్లాలు తెలివైంది. "జావనే తాతా, గనీ మా అత్తకు పండ్లు లేవు, గందుకని గాసిన" అంది.

"మీ అత్త పోయి రెండేండ్లాయె గదనే! దినాలకు నేనే గదా కట్టెలు మోసింది" అన్నాడు సర్దార్. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, తర్వాత ఏడ్చింది, చివరికి లోపల పడుకున్న కొడుకును చూపించింది. అదే రోజు డాక్టరును పిలిచారు. సర్దార్ తిండిపోతు అయ్యాడని, పొద్దున్నే కూరల వాసనకు తిరుగుతున్నాడని లైన్లలో కొంతమంది ఆడిపోసుకున్నారు. తన ఎత్తు పారుతోందని సర్దార్ నాకు చెప్పుకుని మురిసిపోయాడు.

ముప్ఫై మందితో మొదలైంది, నలభై అయింది. రెండు వారాలు దాటినా ఒక్క పిల్లకు తుమ్ము కూడా లేదు. సర్దార్ మూడో లైను ఇళ్ళు కూడా రోజూ చూసి తారీఖులు వేస్తూనే ఉన్నాడు, కానీ ఆ లైను కదల్లేదు. మధ్యాహ్నం షిఫ్టుకు నేను గంట కొట్టించి, ఖాళీ గదిలో కూర్చుని, సాయంత్రం లేచి పోయేదాన్ని. రాజమల్లు మాత్రం పని లేనప్పుడల్లా వచ్చి బడి కంచె బయట నిలబడి చూసేవాడు. పిలిస్తే తల అడ్డంగా ఊపేవాడు. మా బడి ప్రాణం ఆ ఒక్క మనిషి చేతిలో ఉందని నాకు తెలుసు. ఆయన కమలను పంపితే మూడో లైను వస్తుంది. మూడో లైను వస్తేనే బడి ఉంటుంది.

నెలాఖరు రానే వచ్చింది. పొద్దుటి షిఫ్టు నడుస్తుండగా జీపు వచ్చి ఆగింది. ఇన్స్పెక్టరు గారు కొత్త రాష్ట్రం వచ్చాక కృష్ణా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, చేతిలో జేబురుమాలు. జీపు దిగారు, చుట్టూ చూశారు, బ్రహ్మాండంగా తుమ్మారు. రెండోసారి, మూడోసారి తుమ్మారు. నేను దండం పెట్టి ఎదురు వెళ్ళేలోపలే, సర్దార్ గుమ్మానికి అడ్డంగా కర్ర పెట్టి నిలబడ్డాడు.

"మీరు లోపటికి రావొద్దు సార్."

"ఏమిటిది? నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసు సార్. బాయికి మానేజర్ సాబొచ్చినా, గాలి సూడంది లోపటికి తోలలే. మీకు పడిశం ఉన్నది. పిల్లలున్నరు లోపట. జరంత దూరం కూసోండ్రి, కుర్సీ ఏస్త."

నా పైప్రాణాలు పైనే పోయాయి. బడి పోయింది, నా కొలువు పోయింది, ఈ ముసలాయన కొలువూ పోయింది అనుకున్నాను. కంచె బయట రాజమల్లు, ఇంకో నలుగురైదుగురు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఇన్స్పెక్టరు గారి మొహం ఎర్రబడింది. నావైపు తిరిగారు.

"ఏమ్మా, ఈ బడికి పెద్ద ఎవరు? నువ్వా, వీడా?"

కర్ర తీసెయ్యి తాతా అందామని నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, అదే అనబోయాను. కానీ ఆ సోమవారం నా చేతిలో పెట్టిన తాళంచెవి, దవాఖాన కిటికీ కళ్ళ ముందు కదిలాయి.

"బడికి పెద్దను నేనే సార్. గడపకు పెద్ద ఆయన" అన్నాను.

ఎట్లా అన్నానో నాకే తెలియదు. సర్దార్ కుర్చీ తెచ్చి ముంగిట్లో వేశాడు. ఇన్స్పెక్టరు గారు కాసేపు కుర్చీనీ కర్రనీ మార్చి మార్చి చూసి, చివరికి కూర్చున్నారు. రెక్కల్లేని కిటికీల్లోంచి లోపలి పిల్లలు మొత్తం కనబడుతున్నారు. అక్కడి నుంచే లెక్కలు అడిగారు, వీళ్ళు చెప్పారు. చదవమన్నారు, చదివారు. పలకలకు వేలాడుతున్న గుడ్డలేమిటని అడిగారు. ఒక పిల్ల లేచి, ఉమ్మి వేస్తే టీచరమ్మ పలక గుంజుకుంటుందని నా పరువు తీసింది. ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. నేను చూశాను.

కానీ హాజరుపట్టీ తెరిచేసరికి మొహం మళ్ళీ మారింది. "మూడో లైను మొత్తం ఖాళీగా ఉందేమ్మా? బాగా నడుపుతున్నావు, కాదనను. కానీ సగం బడిని ఉంచమని నేను పైకి ఎలా రాయను?" అన్నారు. అది నిజమే. కంచె వైపు చూశాను. రాజమల్లు అక్కడ లేడు.

ఇన్స్పెక్టరు గారు పెన్ను మూత తీసి విజిటర్సు బుక్కు అడిగారు. తెచ్చి ఇస్తున్నాను. అప్పుడు వీధి మలుపులో అడుగుల చప్పుడు వినబడింది. రాజమల్లు! భుజాన సంచి, ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో కమల వేలు. పిల్లకు మొహం కడిగి, నూనె కారేటట్టు జడ వేశారు. తండ్రి అడుగు పెద్దది, పిల్ల ఉరుకుతోంది. ఆ వెనక పిల్లల్ని చంకనేసుకుని, రెక్క పట్టుకుని మూడో లైను ఆడవాళ్ళు. తెలుగులో, మరాఠీలో, హిందీలో అందరూ ఒకేసారి మాట్లాడుకుంటూ వస్తున్నారు. వాళ్ళ షిఫ్టు ఇంకా కాలేదు, అయినా వస్తున్నారు.

రాజమల్లు నేరుగా వచ్చి కుర్చీ ముందు ఆగాడు.

"దొరనే లోపటికి రానియ్యలే సర్దార్. మా మూడో లైను ఇండ్లల్లకు జెరాన్ని రానిస్తడా?" అన్నాడు నాతో. తర్వాత ఇన్స్పెక్టరు గారి వైపు తిరిగాడు. "జరుగుండ్రి సార్, బిడ్డ బడికి పోవాలె."

ఇన్స్పెక్టరు గారు కుర్చీతో సహా జరిగారు! నిజంగా లేచి, తన చేత్తో కుర్చీ ఎత్తి పక్కకు పెట్టుకున్నారు. పొద్దుటి షిఫ్టు బయటికి వచ్చాకే సర్దార్ కర్ర పైకెత్తాడు. ఏడవకూడదని పంటి బిగువున నిలబడ్డాను గానీ దాచేదేముంది, చీర కొంగంతా తడిసిపోయింది. ఒక్కొక్క పిల్లా సర్దార్ ముందు ఆగి, ఆయన మొహంలోకి చూసి, లోపలికి పోతోంది. ఆయన నవ్వలేదు. పని మీద ఉన్నప్పుడు నవ్వే మనిషి కాదు.

ఇన్స్పెక్టరు గారు చాలాసేపు ఆ వరసను చూస్తూ కూర్చుని, తర్వాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాశారు. ఆయన పోయాక చదువుదామని ఆగలేకపోయాను, భుజం మీదుగా తొంగిచూశాను. "ఈ పాఠశాల ఉన్నచోటనే ఉండవలెను. నేను లోపలికి వెళ్ళలేదు. వెళ్ళవలసిన అవసరము కనబడలేదు" అని రాసి ఉంది. కింద సంతకం చేసి, సర్దార్‌కు దూరం నుంచే ఒక నమస్కారం పెట్టి, ఇంకోసారి తుమ్మి, జీపెక్కి వెళ్ళిపోయారు.